పాఠశాల కమిటీలో తల్లి స్థానము

బిడ్డకు తల దువ్వి, చద్దియన్నము తినిపించి, పుస్తకముల సంచి భుజమునకు తగిలించి బడికి పంపుట తల్లిపని యని లోకమంతయు ఒప్పుకొన్నదే. బడిలో నీళ్లు లేకున్న బిందెతో మోయుటయు, వనభోజనమునకు పులిహోర కలిపి పంపుటయు, ఆగస్టు పదునైదవ తేదీన బడి ముంగిట ముగ్గులు పెట్టుటయు తల్లిపనియే యనుటకు గూడ ఎవ్వరికిని అభ్యంతరము లేదు. కాని ఆ బడికి వచ్చిన సొమ్మెంత, అది దేనికి వ్యయమైనది, మఱుగుదొడ్డి తలుపునకు తాళ మేల వేసిరి అని అడుగవలసిన చోట కూర్చుండుట మాత్రము తల్లిపని కాదట! ఈ వింత తర్కమును ఎవరు కల్పించిరో మేమెఱుగము గాని, 2024వ సంవత్సరము ఆగస్టు నెలలో మా వీధిబడి నోటీసు బోర్డుపై ఒక కాగితము అంటించిన నాటినుండి దానిని పలువురి నోట వింటిమి. ఆ వృత్తాంతమునే సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

ఆ కాగితము పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికల ప్రకటన. ఆంధ్రప్రదేశమునందలి ప్రభుత్వ పాఠశాలలలో ఈ ఎన్నికలు ఆ యేడు ఆగస్టు 8వ తేదీన జరిగినవి. మా ఇంటివారు ఆ బడిలోనే ఉపాధ్యాయులు. మా చిన్నవాడు అక్కడనే అయిదవ తరగతి చదువుచుండెను. (తాము పాఠములు చెప్పు బడికి తమ బిడ్డలను పంపని పంతుళ్లను గూర్చి మా ఇంటివారి అభిప్రాయము కొంచెము కఠినమైనది, దాని నిక్కడ వ్రాయము.) కావున గురువుల వైపు మాటలును, తల్లుల వైపు మాటలును మా వంటయింటి గుమ్మమునకు వచ్చి చేరుచునే యుండెను.

ఆ ప్రకటనను రెండుమాఱులు కంటితో చదివి, మూడవమాఱు వ్రేలు పెట్టి చదివిన తల్లి యొకతె కలదు. పేరనవసరము. ఆమె ఇంట కుట్టుమిషను పెట్టుకొని రవికెలు కుట్టును. భర్త ఆటో నడుపును. పదవ తరగతి వఱకు చదివినది. పెద్దకూతురు అప్పటికి నాలుగవ తరగతి. అంతకు ముందటి యేడు ఎండలు ముదిరిన దినములలో ఆ పిల్లకు జ్వరము తగిలి, మూత్రము పోయునప్పుడు మంటయని యేడ్చెను. వైద్యురాలు పరీక్షించి, పిల్ల నీరు చాలినంత త్రాగుటలేదని చెప్పి కారణ మడిగెను. పిల్ల తల వంచుకొని చాలసేపు పలుకలేదట. తుదకు చెప్పినది: బడిలో ఆడుపిల్లల దొడ్డికి తాళము వేసియుండును, కావున ఉదయము మొదలు సాయంకాలము వఱకు నీటిచుక్క ముట్టకుండుట ఆడుపిల్లలందఱు నేర్చుకొన్న యుపాయము. ఎవరును వారికి నేర్పలేదు. తొమ్మిదేండ్ల బిడ్డలు తమలో తాము కనిపెట్టుకొనిరి. ఈ మాట విన్నప్పుడు మాకు మా బాల్యము జ్ఞప్తికి వచ్చినది. చదువుచున్న సోదరీమణులలో ఎందఱికి తమ బాల్యము జ్ఞప్తికి వచ్చునో చెప్పజాలము.

మఱునాడు ఆ తల్లి బడికి వచ్చెను. తగవులాడుటకు వచ్చినదని అందఱును అనుకొనిరి. ఆమె ప్రధానోపాధ్యాయులను నిలువబడియే అడిగెను. నీటిమోటారు చెడిపోయినదనియు, నీరులేని దొడ్డి తెఱచినచో దుర్గంధము తరగతిగదుల వఱకు వచ్చుననియు ఆయన చెప్పిరి. అది అసత్యము కాదు. అప్పటికి రెండు పర్యాయములు తమ చేతిసొమ్ము వ్యయపఱచి ఆయన మోటారు బాగుచేయించిరి కూడ. ఆమె విని, భర్త ఎఱిగిన మెకానిక్కు నొకనిని పిలిపించి దానిని మఱల ఆడించెను. ఆనాటినుండి ప్రతిదినము మధ్యాహ్నము గంటసేపు మిషను ఆపి బడికి వచ్చుట ప్రారంభించెను. దొడ్డికి నీరు చేరినదా లేదా చూచును. భోజనవేళ పిల్లలను బంతిగా కూర్చుండబెట్టును. కోడిగ్రుడ్లు ఎన్ని వచ్చినవో, ఎందఱు పిల్లలున్నారో లెక్క చూచును. ఒకటవ తరగతి పసివాండ్రకు గ్రుడ్డు ఒలిచి పెట్టును. వేరుసెనగ చిక్కి చేతికి చేరినదాక కదలదు. జీతము లేదు, బత్తెము లేదు. ఏడాది తిరుగునప్పటికి, ఏ పిల్లకు కడుపునొప్పి వచ్చినను “ఆ మిషనమ్మను పిలువుడు” అనుట ఆ బడిలో వాడుకయైనది. ఆమెను పొగడని నోరు లేదు.

అట్టి యామె నాలుగవ తరగతి తల్లిదండ్రుల తరఫున కమిటీకి నిలుచుదునని చెప్పగానే పొగడిన నోళ్లన్నియు మూతబడినవి.

ఇచట చట్టమును గూర్చి కొంచెము చెప్పక తప్పదు. సోదరీమణులు విసుగుకొనవలదు, పప్పులో ఉప్పెంతయో తెలిసికొనుటకంటె ఇది కష్టము కాదు. 2009వ సంవత్సరమున చేయబడి, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టమునందు 21వ సెక్షను ఈ కమిటీలను గూర్చినదే. ప్రభుత్వపు సాయము పొందని ప్రైవేటు బడులకు ఈ నియమము లేదు. తక్కిన బడులలో కమిటీ సభ్యులలో నాలుగింట మూడువంతులు ఆ బడిలో చదువు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. వెనుకబడినవారి బిడ్డల తల్లిదండ్రులకు తగిన భాగము ఉండవలెను. బడి ఎట్లు నడచుచున్నదో చూచుట, బడి అభివృద్ధికి ప్రణాళిక వ్రాయుట, ప్రభుత్వమునుండియు ఇతరులనుండియు వచ్చిన ధనము ఎట్లు వ్యయమగుచున్నదో కనిపెట్టుట ఆ కమిటీ విధులు. మన రాష్ట్రమున తరగతి కొకరికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు ఎన్నుకొనబడి, వారిలోనుండి అధ్యక్ష, ఉపాధ్యక్షులు ఏర్పడుదురు. ప్రధానోపాధ్యాయులు కన్వీనరు. రెండేండ్ల గడువు.

ఇక ధనము మాట. సమగ్ర శిక్షా పథకము క్రింద బడికి వచ్చు వార్షిక గ్రాంటు పిల్లల సంఖ్యనుబట్టి యుండును. ముప్పదిమంది లోపున్న బడికి 10,000 రూపాయలు. నూఱుమంది వఱకు 25,000. రెండువందల ఏబదిమంది వఱకు 50,000. వేయిమంది వఱకు 75,000. అంతకు మించిన లక్ష. ఇందు పదియవ వంతునకు తగ్గకుండ పరిశుభ్రతకే వినియోగింపవలెనని నియమము కలదు. మా బడిలో పిల్లలు నూట యిరువదిమంది. అనగా గ్రాంటు ఏబదివేలు. అందు అయిదువేలు శుభ్రతకు. నోటీసు బోర్డుముందు నిలిచి మా ఇంటివారి నోట ఈ లెక్క విన్నప్పుడు ఆమె కొంతసేపు ఊరకుండి, “మోటారుకు మూడువేలు లేవనిరి గదా, మేష్టరుగారూ” అని మాత్రము అనినదట. గ్రాంటు ఆలస్యముగా వచ్చినదని మా ఇంటివారు చెప్పిరి. ఆలస్యముగా వచ్చినను వచ్చిన పిదప ఎటు పోయినది అను ప్రశ్న ఆమె అడుగలేదు. అడుగుటకు అధికారము కావలెనని అప్పుడే ఆమె మనస్సున నాటుకొని యుండును.

అభ్యంతరములు ఇంటినుండియే పుట్టినవి. అత్తగారు, “బడికి పోయి సాయము చేయుట పుణ్యము, నలుగురిలో నిలిచి నాకు ఓటు వేయుడనుట ఏమి మర్యాద?” అనెను. భర్త మంచివాడు, అతడు వలదనలేదు. “నీ పేరు వ్రాయించుము. సభలకు నేను పోయి కూర్చుండి వచ్చెదను. నీ కెందు కీ శ్రమ?” అనెను. వాడలోని పెద్దమనిషి యొకరు అప్పటికే తరగతివారీగా పేర్ల జాబితా సిద్ధము చేసికొని, ఇంటింటికి తిరిగి, ఎన్నిక ఏకగ్రీవము కావలెనని, పోటీ వచ్చిన వాడకు అప్రతిష్ఠ యని చెప్పుచుండిరి. ఏకగ్రీవమనగా ఒక్కటే మెడ యని అర్థము. అందఱి మెడలు ఒక్కటియైన చోట తల ఎవరిదో మాత్రము ఆ పెద్దమనిషి చెప్పలేదు.

మేము మాత్రము ఏమంత ఘనకార్యము చేసితిమి? ఒకనాటి సాయంకాలము ఆమె మా ఇంటికి వచ్చి, “అక్కయ్యగారూ, మీరు చదువుకొన్నవారు. నాలుగవ తరగతి తల్లులతో నా కొఱకు ఒక్కమాట చెప్పరాదా?” యని అడిగెను. మా ఇంటివారు ఆ బడిలో కొలువుండుటయు, ప్రధానోపాధ్యాయులకు గలాటా గిట్టకుండుటయు మా మనస్సున మెదలినవి. “ఎందుకు చెల్లీ, పోటీ లేకుండ నీవు చేయుచున్న సేవ చాలదా? పేరు లేకున్న పుణ్యము తఱుగునా?” యని మేమును పలికితిమి. ఆమె ఎదురు చెప్పలేదు. కాఫీ గ్లాసు కడిగిపెట్టి వెడలిపోయెను. అత్తగారు చదువురాని మనిషి కనుక ఆ మాటనినది. భారత భాగవతములు చదివిన మేము గూడ మెఱుగుపెట్టి ఆ మాటయే అంటిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆనీబెసెంటమ్మగారి పేరు వినని తెలుగుగృహము అరుదు. ఆమె పేరిట మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల 1915లో వెలసినది. 1917లో ఆమె కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలై, ఆ పీఠము నెక్కిన తొలి స్త్రీ యైనది. కాని భారతదేశమునకు వచ్చుటకు పూర్వము ఆమె ఎక్కిన చిన్న పీఠ మొకటి కలదని చాలమంది ఎఱుగరు. 1888లో ఆమె లండను నగరపు స్కూలుబోర్డు ఎన్నికలలో టవర్ హామ్లెట్సు అను పేదల పేటనుండి నిలిచి, అందఱికంటె హెచ్చు ఓట్లు పొంది సభ్యురాలైనది. ఆ వేసవిలోనే ఆ ప్రాంతపు అగ్గిపెట్టెల కర్మాగారమున పనిచేయు బాలికలు సమ్మె కట్టగా వారిపక్షమున నిలిచినది. అంతకు పదేండ్ల క్రిందట, 1878లో, ఆమె నాస్తిక భావములు కలదియు, సంతాననియంత్రణమును గూర్చిన పుస్తకమును అచ్చువేయించినదియు అను కారణముచే న్యాయస్థానము ఆమె కన్నకూతురును ఆమెవద్దనుండి తీసివేసినది. తన బిడ్డను పెంచుకొనుటకు అర్హురాలు కాదనిపించుకొన్న తల్లికి పేటలోని బిడ్డలందఱి బడులను చూచు అధికారము ఓటర్లు ఇచ్చిరి! బోర్డులో మూడేండ్లు ఉండి, ఆకలితో వచ్చు పిల్లలకు భోజనము కొఱకును, బడిజీతములు తీసివేయుట కొఱకును ఆమె పాటుపడినది.

ఆమెకు దారి చూపినవారు మఱి ఇరువురు. 1870లో ఫోర్‌స్టరు చట్టమువలన ఇంగ్లండులో స్థానిక స్కూలుబోర్డులు ఏర్పడినప్పుడు, పార్లమెంటుకు ఓటు వేయ వీలులేని స్త్రీలకు ఈ బోర్డులకు నిలుచుటకు మాత్రము అవకాశము దొరకినది. (పార్లమెంటు ఓటు వారిలో కొందఱికి 1918లోను, పురుషులతో సమానముగా 1928లోను లభించినది.) ఎలిజబెత్ గారెట్ అను వైద్యురాలు మేరిల్‌బోను పేటలో 1866నుండి పేద స్త్రీలకు, పిల్లలకు మందులిచ్చుచుండెను. ఆమెచేత వైద్యము పొందిన స్త్రీల భర్తలు, కూలిపనివారు, వచ్చి ఆమెను నిలుచుమని కోరిరి. తనకు సభలలో మాటలాడుట భయమని ఆమె వెనుదీసినది, అయినను నిలిచినది. ఆమెకు వచ్చిన ఓట్లు 47,858. లండను నగరమంతటిలో అన్ని ఓట్లు ఏ పురుషునకును రాలేదు. అదే యెన్నికలో గ్రీనిచ్చి పేటనుండి ఎమిలీ డేవిస్ గెలిచినది. గారెట్ ఎన్నికల సంఘమునకు అధ్యక్షుడుగా నుండి తిరిగిన ఆండర్సను దొర మఱుసటి యేడు ఆమెను వివాహమాడెను. భార్యల బదులు సభలకు పోవు భర్తలేకాక ఇట్టి భర్తలును కలరని తెలిసి మాకు కొంత సంతోషము కలిగినది.

మఱునాడు వంట ముగించి మేమే ఆమె ఇంటికి వెళ్లితిమి. ఆమె మిషను త్రొక్కుచునే వినెను. ఓట్ల సంఖ్య మఱల చెప్పించుకొనెను. “అంత పెద్ద డాక్టరమ్మకు గూడ మాటలాడ భయమేనా?” యని అడిగి, “ఆ బిడ్డను మఱల తల్లికి ఇచ్చిరా, అక్కయ్యగారూ?” యని బెసెంటమ్మగారి కూతురును గూర్చి అడిగెను. పెద్దదైన పిదప ఆ పిల్లయే తల్లిని వెదకికొని వచ్చినదని చెప్పితిమి. దారము పంటితో కొఱికి, “అట్లయిన మంచిదే” అనెను. మేము ఆ మధ్యాహ్నము నాలుగవ తరగతి తల్లుల ఇండ్లకు ఆమెతో కలిసి పోయితిమి. మాకు అక్కడ ఓటు లేదు. మా ఓటు అయిదవ తరగతిలో. కొందఱు లోపలికి పిలిచిరి. ఒకరు తలుపు సగమే తెఱచిరి.

ఎన్నికనాడు బడి వసారాలో తరగతివారీగా తల్లిదండ్రులను కూర్చుండబెట్టిరి. నాలుగవ తరగతికి ఇరువదిరెండుమంది వచ్చిరి. మూడు స్థానములకు అయిదుగురు నిలిచిరి. వాడ పెద్దమనిషి వసారా మెట్టుపై నిలిచి, చేతులెత్తించిన అయిదు నిమిషములలో తేలిపోవుననిరి. ఆమె లేచి, “అయ్యగారూ, చీటీలు వేయింతురా? ఇక్కడ ఎత్తిన చేయికి ఇంటికి పోయిన పిదప జవాబు చెప్పుకొనవలసి వచ్చును” అనెను. ఆమాట విని వెనుక వరుసలోని ఆడవారు నవ్విరి. ఆ నవ్వుతో ప్రధానోపాధ్యాయులకు గూడ ధైర్యము వచ్చినట్లున్నది, సరే యనిరి. మా ఇంటివారు నోటుపుస్తకము చించి చీటీలు చేసి, చదువు రానివారి కొఱకు నల్లబల్లపై ఒక్కొక్క పేరునకు ఎదురుగా ఆకు, చేప, గొడుగు, దీపము, కత్తెర అని బొమ్మలు గీసిరి. కత్తెర ఎవరిదో చెప్పనక్కఱలేదు. (ఆయన గీసిన చేప గొడుగువలె నుండెనని తరువాత పిల్లలు చెప్పుకొనిరి.)

ఓట్లకు ముందు ఒక్కొక్కరు రెండు మాటలు చెప్పవలెననిరి. పురుషులు ఇరువురు బడిని జిల్లాలో మొదటిదిగా చేసెదమనిరి. ఆమె చేతిలో వ్రాసికొన్న కాగితము వణకుచుండెను; దానిని చూడకయే, “నాకు మాటలు రావు. దొడ్డి తాళపుచెవి ఎక్కడ నుండునో నాకు తెలియును. అది పిల్లల చేతికి అందుచోట ఉండవలెను. దాని కొఱకే నిలిచితిని” అని కూర్చుండెను. లెక్కింపగా మొదటి రెండు స్థానములు పెద్దమనిషి జాబితాలోని వారికే వచ్చినవి. కత్తెరకు పదునాలుగు, మూడవ స్థానము. నాలుగవవానికి పదుమూడు. ఒక్క ఓటు! తలుపు సగమే తెఱచిన ఆ సోదరిదే అది కావచ్చునని మాకెందుకో తోచినది. తోచుటయే గాని ఋజువు లేదు.

ఆనాటి మధ్యాహ్నమే అధ్యక్షస్థానమునకు రెండవ తరగతిలోని ఒక సోదరిని ఎన్నుకొనిరి. ఆమె పెద్దమనిషి జాబితాలోనిదే. సభలో ఆమె నోరు విప్పుట ఎవరును వినలేదు. మఱుసటి సభకు ఆమె రాలేదు; ఆమె భర్త వచ్చి, తిన్నగా పోయి అధ్యక్షుని కుర్చీలో కూర్చుండి, జేబులోనుండి కలము తీసెను. మన పంచాయతీలలో ఈ ముచ్చట క్రొత్తది కాదు. 1992 నాటి డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడవ వంతు స్థానములు ఇచ్చినది; పిదప మన రాష్ట్రమున అవి సగమైనవి; అయినను భార్య సర్పంచయిన చోట భర్తను సర్పంచిగారూ యని పిలుచుట మనము చెవులార వినుచునే యున్నాము. కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న మాకు ఇట్టిచోట జ్ఞప్తికి వచ్చును. తన్ను తాను ఓడిన పిదప భార్యను పణముగా నొడ్డుటకు భర్తకు అధికార మెక్కడిది యని ఆమె అడుగగా వృద్ధులందఱు తలలు వంచుకొనిరి. ఇచటనో భర్త తాను గెలువకయే భార్య గెలిచినదానిని తీసికొనుచున్నాడు; తలలు వంచుకొనుట మాత్రము ఆనాటివలెనే యున్నది.

ఆ సభలో తీర్మానముల పుస్తకము వ్రాయుటకు మా ఇంటివారిని నియమించిరి గనుక జరిగినది జరిగినట్లు మాకు తెలిసినది. కుర్చీలో కూర్చున్నాయనను చూచి ఎవరును పలుకలేదు. కత్తెర గుర్తు సోదరి లేచి, చాల మర్యాదగా, “అన్నయ్యగారూ, వదినగారు రాలేదా?” యని అడిగెను.

“ఆమెకు ఇంట పని యున్నదమ్మా. నేను వచ్చితిని గదా. సంతకము నేను పెట్టెదను.”

“పని మాకందఱికిని ఉన్నది అన్నయ్యగారూ. వదినగారు పని ముగించుకొనియే రావచ్చును. ఆమె వచ్చువఱకు మేము కూర్చుందుము.”

ఆయన ప్రధానోపాధ్యాయుల వైపు చూచిరి. ప్రధానోపాధ్యాయులు గడియారము వైపు చూచిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద వాలంటీరుగా నిలిచిన ఒక చిన్నది టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారిని లోపలికి పోనీయక ఆపినదని మన పెద్దలు చెప్పుకొనుట కలదు. నిర్వాహకులు కోపించి, తుదకు టిక్కెట్టు కొని తెచ్చిరి. ఆ చిన్నదియే దుర్గాబాయి. పిదప రాజ్యాంగసభలో కూర్చున్నది. ఆనాడు ఆమె మీద ఎవరును లోపల ఎట్టి ప్రదర్శన యున్నదని తర్కింపలేదు. టిక్కెట్టు మాటయే ప్రశ్న. మా కత్తెర సోదరి గూడ తర్కింపలేదు. చేతిలోని సంచి తెఱచి, సగము కుట్టిన రవికె తీసి, చేతిపని చేసికొనుచు కూర్చుండెనట. ఆమెను చూచి మఱి ఇరువురు తల్లులు తమ కొంగులు సర్దుకొని నేలమీద స్థిరముగా కూర్చుండిరి. వారు పెద్దమనిషి జాబితాలోనివారని మనవి.

అరగంట గడచినది. ఆయన లేచి బయటికి పోయెను. మఱి కొంతసేపటికి అధ్యక్షురాలు వచ్చెను, చేతులు ఇంకను తడిగానే యున్నవి, చంకలో పసిబిడ్డ. కుర్చీ ఖాళీగా నున్నను ఆమె గుమ్మమువద్దనే నిలిచెను. కత్తెర సోదరి లేచి బిడ్డను అందుకొని, “కూర్చుండండి వదినగారూ” అనెను. ఆమె కుర్చీ అంచున కూర్చుండెను.

పుస్తకము ముందుంచి ఎక్కడ సంతకము పెట్టవలెనో ప్రధానోపాధ్యాయులు వ్రేలుతో చూపిరి. ఆమె కలము పట్టుకొని, “ఏమి వ్రాసియున్నది?” అని అడిగెను. గొంతు వినబడీ వినబడనట్లుండెనట. మా ఇంటివారు చదివిరి: గత సంవత్సరపు గ్రాంటు ఏబదివేలు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, విద్యుత్తు, గేటు రంగులు, శుభ్రతకు అయిదువేలు. తరువాత ఏమున్నదని ఆమె చూచుచుండెను. తరువాత ఏమియు లేదు.

“ఆ అయిదువేల మాట మఱల చదువండి మేష్టరుగారూ,” అని అధ్యక్షురాలు అనెను.

మా ఇంటివారు మఱల చదివిరి. ఫినాయిలుకు ఎంత, చీపుళ్లకు ఎంత, మోటారుకు ఎంత యని ఆమె ఒక్కొక్కటే అడుగగా, రసీదుల కట్ట తెచ్చుటకు ప్రధానోపాధ్యాయులు లేచి లోపలికి పోయిరి. మోటారు రసీదులు రెండును ఆయన చేతిసొమ్ముతో కట్టినవే. గ్రాంటునుండి ఆయనకు ఇంకను తిరిగి ముట్టలేదని అప్పుడే అందఱికిని తెలిసినది. ఆయనకు ఆ సొమ్ము ఇచ్చివేయవలెననియు, ఇకమీదట మోటారు మరమ్మతు శుభ్రత పద్దులోనే వ్రాయవలెననియు తీర్మానించిరి. దొడ్డి తాళపుచెవికి నాలుగవ తరగతి గదిలో, తలుపు వెనుక, ఒక మేకు కొట్టించిరి. ఎంత ఎత్తున కొట్టవలెనని వడ్రంగి అడుగగా, ఒకటవ తరగతిలోని అందఱికంటె పొట్టి పిల్లను పిలిచి చేయి చాచుమనిరి.